ఢిల్లీ కట్టడములకు చరిత్ర వ్రాసిన సర్ సయ్యద్

సర్ సయ్యద్ అహ్మద్ ఖాన్ అనగానే మన విద్యార్థులకు అలీగఢ్ కళాశాల గుర్తుకు వచ్చును. సంఘసంస్కర్తగా, విద్యాదాతగా, ఉర్దూ వచనమునకు క్రొత్త నడక నేర్పిన రచయితగా ఆయనను గురించి వ్యాసములు వ్రాయనివారు, ఉపన్యాసములు ఇయ్యనివారు అరుదు. మేము ఈ పుటలలో చెప్పదలచినది ఆ వృద్ధమూర్తిని గురించి కాదు. తెల్లని గడ్డముతో, తుర్కీ టోపీతో పటములలో కనిపించే ఆ పెద్దమనిషికి చాల ముందు, ఢిల్లీ నగరములో మున్సిఫుగా పనిచేయుచు, కచేరీకి సెలవు వచ్చినదే తడవుగా శిథిలమైన మసీదులను, సమాధులను, కోటలను, దిగుడుబావులను వెదకికొనుచు తిరిగిన ఇరువదితొమ్మిదేండ్ల యువకుడు ఒకరున్నారు. ఆ తిరుగుళ్ల ఫలితముగా 1847లో వెలువడిన గ్రంథమే ‘ఆసారుస్సనాదీద్’. మహనీయులు విడిచిపోయిన ఆనవాళ్లు అని దాని అర్థము. ఆ గ్రంథము వెలువడిన పదేండ్లకే అందు వర్ణింపబడిన ఢిల్లీలో పెద్ద భాగము నేలమట్టమైనది. అందువలన ఆ గ్రంథము కథనే ఆయన జీవితకథగా చెప్పుటకు మేము పూనుకొన్నాము.

సయ్యద్ అహ్మద్ 1817 అక్టోబరు 17న ఢిల్లీలో జన్మించినారు. అప్పటికి ఆ నగరము ఆంగ్లేయుల వశమై పదునాలుగేండ్లు గడచినవి. ఎర్రకోటలో చక్రవర్తి ఉన్నాడు కాని, ఆయన అధికారము కోట గోడలు దాటదు. ఖజానా కుంపిణీది, సైన్యము కుంపిణీది, కొలువు మర్యాదలు మాత్రము పాదుషావి. తండ్రి మీర్ ముత్తఖీ ఆ కొలువులో గౌరవము పొందినవారు. మాతామహులు ఖ్వాజా ఫరీదుద్దీన్ అహ్మద్ రెండవ అక్బరు పాదుషాకు మంత్రిగా పనిచేసినవారు. ఆయన గణితమునందు, ఖగోళ పరికరముల తయారీయందు ప్రవీణులు. మేనమామకు కూడ ఆ విద్య అబ్బినది; సయ్యద్ అహ్మద్ రేఖాగణితము ఆయనయొద్దనే నేర్చుకొన్నారు. తరువాతి కాలములో గుమ్మటముల ఎత్తులు, మీనారుల చుట్టుకొలతలు లెక్కకట్టిన చేతికి ఆ చిన్ననాటి చదువు అక్కరకు వచ్చియుండుననుటలో మాకు సందేహము లేదు.

బాల్యము తాతగారి హవేలీలో గడచినది. హవేలీ యనగా ఏమో మన విద్యార్థులకు కొంచెము చెప్పవలెను. వీధి వైపు ఎత్తైన గోడ, దానికొక పెద్ద తలుపు. తలుపు దాటిన పిమ్మట చూపు నేరుగా లోపలికి పోకుండ మలుపు తిరిగిన డ్యోఢీ. ఆ వెనుక ఆకాశమునకు తెరచియున్న విశాలమైన ముంగిలి. ముంగిలి చుట్టు కమానుల వరుసలు. మగవారు అతిథులతో కూర్చుండుటకు దివాన్‌ఖానా ఒకవైపు, ఆడవారి జనానా లోపలివైపు. ఢిల్లీ వేసవి గాడ్పులకు ఓర్వలేనివారు మధ్యాహ్న వేళ దిగి తలదాచుకొనుటకు నేల క్రింద తహఖానా. మన పల్లెలలోని మండువా లోగిలితో దీనికి పోలిక లేకపోలేదు. మూడు తరములవారు ఒకే కప్పు క్రింద మెలగుటకు, వచ్చేపోయే బంధువులకు ఎప్పుడును చోటుండుటకు కట్టిన ఇండ్లవి. అట్టి ఇంట పుట్టి పెరిగినవారికి, కట్టడమనగా కేవలము రాయి సున్నము కాదని ఎవరును బోధింపనక్కరలేదు. తల్లి అజీజున్నీసా బేగం విద్యావతి, క్రమశిక్షణయందు కఠినురాలు. ఒకమారు బాలుడు ముదుసలి సేవకుని చేయిచేసికొన్నాడని తెలిసి, క్షమాపణ చెప్పుకొనువరకు కుమారుని ఇంట అడుగుపెట్టనీయలేదట.

1838లో తండ్రి కాలము చేసినారు. కోటనుండి వచ్చే భత్యములు చాల వరకు ఆగిపోయినవి. కుటుంబములోని పెద్దలకు ఇష్టము లేకున్నను సయ్యద్ అహ్మద్ కుంపిణీ న్యాయశాఖలో చేరినారు. ఆగ్రాలో మున్షీగిరీ, 1841లో మైన్‌పురిలో మున్సిఫు పదవి, 1842లో ఫతేపూర్ సిక్రీకి బదిలీ. అక్బరు కట్టించి విడిచిపెట్టిన ఆ ఎర్రరాతి నగరములో ఆయన నాలుగేండ్లు గడపినారు. కట్టడములపై ఆసక్తికి అదియే నాంది యని వ్రాసియుంచిన ఆధారము ఏదియు మేము చూపలేము గాని, బులంద్ దర్వాజా నీడలో నాలుగేండ్లు కచేరీ నడపిన మనిషిపై ఆ రాళ్ల ప్రభావము లేదనుట కష్టము.

ఇంతలో అన్న సయ్యద్ ముహమ్మద్ ఖాన్ చిన్న వయసుననే మరణించినారు. ఆయన ఢిల్లీలో ‘సయ్యదుల్ అఖ్బార్’ అను ఉర్దూ పత్రికను, దానికొక ముద్రణాలయమును నెలకొల్పినవారు. ఉర్దూ పత్రికలు వ్రేళ్లపై లెక్కింపదగినన్ని యున్న కాలమది. తల్లికి తోడుగా నుండుటకై సయ్యద్ అహ్మద్ 1846లో ఢిల్లీకి బదిలీ చేయించుకొన్నారు. ఉద్యోగరీత్యా అది మేలైన మార్పు కాదు. ఒకవైపు ఇంటి భారము, మరియొకవైపు అన్న విడిచిపోయిన అచ్చుకూటము. ‘ఆసారుస్సనాదీద్’ పుట్టినది ఈ పరిస్థితులలోనే.

ఢిల్లీ కట్టడములను గురించి అంతకు మునుపు ఎవరును వ్రాయలేదని కాదు. మీర్జా సంగీన్ బేగ్ అను ఆయన పారసీకములో ‘సైరుల్ మనాజిల్’ వ్రాసినారు. అది ఆంగ్ల అధికారుల ప్రోత్సాహముతో వచ్చినది, వ్రాతప్రతిగానే నిలిచినది. రెసిడెంటు థామస్ మెట్కాఫ్ 1844 ప్రాంతమున చిత్రకారులచేత ఢిల్లీ దృశ్యములు వేయించి ఒక సంపుటము కూర్పించినారు. అది స్వంత కుటుంబము కొరకు. సయ్యద్ అహ్మద్ చేసినది వేరు. నగరములో నడచిపోవు సామాన్య పాఠకుడు చదువుకొనగల భాషలో, బొమ్మలతో, అచ్చులో, అంగడిలో కొనదగిన పుస్తకముగా తెచ్చినారు. ఈ భేదమును గుర్తింపకపోయినచో ఆయన చేసిన పని విలువ తెలియదు.

పని తీరును గురించి కొంచెము వివరముగా చెప్పవలసియున్నది. ఆనాటికి ఈ దేశమున పురావస్తుశాఖ లేదు. అది ఏర్పడినది 1861లో. కట్టడములకు సంఖ్యలు లేవు, పట్టికలు లేవు, కాపలాదారు లేడు. ఢిల్లీ గోడల వెలుపల, దక్షిణమున మెహ్రౌలీ మొదలు ఉత్తరమున యమున గట్టు వరకు, మైళ్ల కొలది పొలముల నడుమ సమాధులు, సరాయిలు, బురుజులు పడియున్నవి. ఏది ఎవరిదో చెప్పుటకు ఊరివారి మాట తప్ప ఆధారము లేదు. ఊరివారి మాట ఒక్కొక్కప్పుడు నిజమగును, ఒక్కొక్కప్పుడు కాకపోవును. కావున శాసనములను చదువవలెను. శాసనములు పలుచోట్ల తలుపు పైకమానుపైననో, గుమ్మటపు మెడపైననో, మనుష్యుని చేతికి అందని చోట ఉండును. సెలవులు వచ్చినపుడు సయ్యద్ అహ్మద్ మిత్రుడు ఇమామ్ బఖ్ష్ సహబాయీని వెంట తీసికొని బయలుదేరుచుండెడివారు. సహబాయీ ఢిల్లీ కళాశాలలో పారసీక ఆచార్యులు, ఆ భాషలో పేరెన్నికగన్న పండితులు. ఇరువురును కట్టడమును చూచి, కొలిచి, శాసనమును అక్షరము అక్షరము ఉన్నది ఉన్నట్లుగా దించుకొనుచుండెడివారు. చిత్రకారులు బొమ్మలు గీయుచుండెడివారు.

అన్నిటికంటె కష్టమైనది కుతుబ్ మీనారు. సుమారు 240 అడుగుల ఎత్తు. దాని చుట్టును పట్టీలుగా అరబ్బీ అక్షరములు. క్రిందినుండి చూచినవారికి అవి అల్లికవలె కనిపించునే గాని అక్షరములుగా తెలియవు. అక్షరముల సమీపమునకు చేరుటకు పరంజా కట్టించి, రెండు కఱ్ఱల నడుమ ఉట్టివంటి బుట్టను వ్రేలాడదీయించి, సయ్యద్ అహ్మద్ స్వయముగా దానిలో కూర్చుండి పట్టీలకు ఎదురుగా నిలిచి శాసనములు వ్రాసికొన్నారు. బుట్ట గాలికి ఊగుచున్నపుడు క్రింద నిలిచియున్న సహబాయీ ముఖము భయముచేత పాలిపోయెడిదట. ఈ సంగతిని సర్ సయ్యద్ జీవితచరిత్రను 1901లో ప్రకటించిన అల్తాఫ్ హుసేన్ హాలీ వివరముగా వ్రాసినారు. ఉద్యోగధర్మము కాదు, ప్రభుత్వ ఆజ్ఞ కాదు, జీతము కాదు. కొన్ని అక్షరములు చదువుట కొరకు ఒక మున్సిఫు ప్రాణమును త్రాటికి కట్టినాడు. ఈనాడు గ్రంథాలయములో పుస్తకము అందుకొనుటకు నిచ్చెన ఎక్కుటకే మనము బద్ధకించుచున్నాము.

మొదటి కూర్పు నాలుగు అధ్యాయములు. మొదటిది నగరము వెలుపలి కట్టడములు. రెండవది ఎర్రకోట, దాని లోపలి భవనములు. మూడవది షాజహానాబాదు నగరము, అందలి మసీదులు, హవేలీలు, అంగళ్లు, బావులు, పాఠశాలలు. హుమాయూన్ సమాధి, నిజాముద్దీన్ దర్గా వంటి ముస్లిముల కట్టడములతోబాటు మెహ్రౌలీ లోహస్తంభము, ఫిరోజ్ షా కోటలలోని అశోకస్తంభము, జయసింహ మహారాజు కట్టించిన జంతర్ మంతర్ కూడ అందు చోటు చేసికొన్నవి. ఢిల్లీ కట్టడమైనచో చాలును. కట్టినవాడు ఎవరని ఆయన తరతమము చూడలేదు. 130కి మించిన బొమ్మలు శిలాముద్రణలో అచ్చయినవి. చిత్రకారులు ఫైజ్ అలీ ఖాన్, మీర్జా షారుఖ్ బేగ్. శిలాముద్రణ యనగా నునుపైన రాతిపలకపై జిడ్డు సిరాతో గీసి, దానినుండి కాగితముపైకి దించుట. నస్తాలీఖ్ వ్రాతకు సీసపు అచ్చులకంటె ఇది అనువైనది కావున ఉర్దూ పుస్తకములకు ఆ పద్ధతియే బాగుగ అలవాటైనది. అన్న స్థాపించిన సయ్యదుల్ అఖ్బార్ ముద్రణాలయములోనే ఈ గ్రంథము అచ్చయినది.

నాలుగవ అధ్యాయము కట్టడములను గురించి కాదు. మనుష్యులను గురించి! ఆనాటి ఢిల్లీలోని నూటికి పైబడిన ప్రముఖుల పరిచయము. సూఫీలు, విద్వాంసులు, హకీములు, కవులు, లేఖకులు, చిత్రకారులు, గాయకులు. గాలిబ్, మోమిన్, జౌఖ్, ముఫ్తీ సద్రుద్దీన్ ఆజుర్దా, సహబాయీ అందరును అక్కడ కలరు. మహనీయుల ఆనవాళ్లను గురించిన గ్రంథములో జీవించియున్నవారికి స్థానమేమని కొందరు అడుగవచ్చును. మా అభిప్రాయములో గ్రంథమునకు ప్రాణము ఆ అధ్యాయమే. మసీదును వర్ణించి, అందు పాఠము చెప్పు మౌల్వీని విడిచిపెట్టుట, హవేలీని కొలిచి అందు ముషాయిరా నడపు కవిని విడిచిపెట్టుట సగము పని. యువకుడైన సయ్యద్ అహ్మద్ ఆ సంగతి ఎవరును చెప్పకయే గ్రహించినారు.

అయినను గ్రంథము లోపములు లేనిది కాదు. శైలి మిక్కిలి అలంకారభూయిష్ఠము, అంత్యప్రాసలతో కూడిన పాతకాలపు వచనము. అందులో సహబాయీ చేయి ఉన్నదని హాలీ వ్రాసినారు. ఒక్కొక్కచోట గుమ్మటముకంటె గుమ్మటమునకు తెచ్చిన ఉపమానమే పెద్దది. కాలనిర్ణయములో పొరపాట్లు దొరలినవి. సుమారు ఒకటిన్నర సంవత్సరములో ముగించిన పనికి ఇది సహజమే. ఢిల్లీలో మేజిస్ట్రేటుగా ఉన్న ఏ. ఏ. రాబర్ట్స్ ఈ గ్రంథపు ప్రతిని ఇంగ్లండుకు తీసికొనిపోయి రాయల్ ఏషియాటిక్ సొసైటీకి సమర్పించినారు. అక్కడి పండితులు మెచ్చుకొని ఆంగ్లానువాదము కావలెనన్నారు. అనువాదమునకు సిద్ధము చేయుటకై తిరిగి చూచుకొన్నపుడు రచయితకే తన లోపములు తెలిసివచ్చినవి. గ్రంథమును మొదటినుండి తిరుగవ్రాసి 1854లో రెండవ కూర్పు వెలువరించినారు.

రెండు కూర్పులను ప్రక్కప్రక్కన పెట్టి చూచినవారికి ఒకే రచయిత రెండు గ్రంథములు వ్రాసినట్లు తోచును. రెండవదానిలో అలంకారములు లేవు. కట్టడములు కాలక్రమమున కూర్చబడినవి. ప్రతిదానికి కట్టినవారి పేరు, సంవత్సరము, ఆధారము. శాసనముల పాఠములు విడిగా ఇయ్యబడినవి. రాజుల పట్టికలు చేరినవి; వాటికి పూర్వరంగముగా 1852లోనే ‘సిల్‌సిలతుల్ ములూక్’ పేరుతో ఢిల్లీ నేలిన రాజుల పట్టికను ఆయన ప్రకటించియున్నారు. భాష సూటిగా, సులభముగా మారినది. తరువాతి కాలములో ‘తహ్జీబుల్ అఖ్లాఖ్’ పత్రికలో ఉర్దూ వచనమును తీర్చిదిద్దిన చేయి ఇక్కడనే కుదురుకొన్నది. కాని నాలుగవ అధ్యాయము పోయినది. బొమ్మలును పోయినవి. శాస్త్రమునకు తేదీలు కావలెను, మనుష్యులు అక్కరలేదనుకొన్నారు కాబోలు. శాస్త్రదృష్టితో రెండవ కూర్పే మేలైనదని పండితుల మాట. దానిని మేము కాదనము. కాని 1854లో తీసివేసిన ఆ మనుష్యులలో ఎందరు 1857 తరువాత మిగిలినారో తెలిసినవారు మొదటి కూర్పునే గుండెకు హత్తుకొందురు.

రెండవ కూర్పులోని ఒక విషయము విద్యార్థులు గమనింపదగినది. కుతుబ్ మీనారు మొదటి అంతస్తు పృథ్వీరాజు కాలములో ప్రారంభమైన హిందూ కట్టడమని సయ్యద్ అహ్మద్ భావించి, అట్లే వ్రాసినారు. 1862–63లో ఢిల్లీని పరిశీలించిన అలెగ్జాండర్ కన్నింగ్‌హామ్ తన నివేదికలో సయ్యద్ అహ్మద్ వాదమును ఎత్తి చూపి, కారణములతో ఖండించి, మీనారు ముస్లిముల నిర్మాణమే యని తేల్చినారు. నేటి చరిత్రకారులు కన్నింగ్‌హామ్ పక్షమే. ఒక ముస్లిం పండితుడు అది హిందూ కట్టడమనుట, ఒక ఆంగ్ల క్రైస్తవుడు కాదనుట! ఆనాటి ఆ చర్చ మతముపై గాక రాళ్లపై, శాసనములపై నడచినది. సయ్యద్ అహ్మద్ తీర్పు తప్పినది గాని, తన ఎదుట కనిపించిన ఆధారమును బట్టి చెప్పినారే తప్ప తన వారికి కీర్తి కలుగునా లేదా యని చూడలేదు.

గార్సాఁ ద తాసీ అను ఫ్రెంచి పండితుడు 1860–61లో ఈ గ్రంథమును ఫ్రెంచిలోనికి అనువదించి పారిస్‌లోని ఆసియా పరిశోధన పత్రికలో ప్రకటించినారు. 1864లో రాయల్ ఏషియాటిక్ సొసైటీ రచయితను గౌరవ సభ్యునిగా ఎన్నుకొన్నది. ఆంగ్లేయులు కోరిన ఆంగ్లానువాదము మాత్రము ఆనాడు సాగలేదు. గ్రంథమునకు సమగ్రమైన ఆంగ్లానువాదము రాణా సఫ్వీ చేతిమీదుగా 2018లో వచ్చినది.

కట్టడముల పిమ్మట ఆయన దృష్టి పాత గ్రంథములపైకి మరలినది. అబుల్ ఫజల్ రచించిన ‘ఆయినె అక్బరీ’ని అనేక ప్రతులతో సరిచూచి, ఉపకరణముల బొమ్మలు చేర్చి, 1855–56లో ముద్రణకు సిద్ధము చేసినారు. దానికి ముందుమాటగా నాలుగు ప్రశంసావాక్యములు వ్రాయుమని గాలిబును కోరినారు. గాలిబ్ పారసీకములో పద్యము వ్రాసి పంపినారు గాని, అది ప్రశంస కాదు. ఆవిరి ఓడలు, తంతివార్తలు నడపుచున్న ఆంగ్లేయుల విధానమును చూడుము, కాలము చెల్లిన శాసనగ్రంథమునకు ఇంత శ్రమ యేల, మృతులను పూజించుట శుభము కాదు అని దాని తాత్పర్యము. సయ్యద్ అహ్మద్ దానిని అచ్చు వేయలేదు. ఇరువురి నడుమ కొంతకాలము మాటలు తగ్గినవి. తరువాత సఖ్యత కుదిరినది. గాలిబ్ మాట ఆయన మనస్సులో ఎంత లోతుగ నాటినదో గాని, పిమ్మటి జీవితమంతయు ఆ మందలింపునకు సమాధానమువలె గడచినది. అయినను ఈ వివాదములో మేము పూర్తిగా గాలిబ్ పక్షము వహింపలేము. ఆయన నివసించిన ఢిల్లీ ఎట్లుండెడిదో ఈనాడు మనకు చెప్పుచున్నది ఆ మృతులను పూజించిన చేయియే.

1855లో సయ్యద్ అహ్మద్‌కు బిజ్నోర్ బదిలీ యైనది. 1857 మే నెలలో తిరుగుబాటు చెలరేగినపుడు అచ్చటనే ఉన్నారు. ప్రాణములకు తెగించి అక్కడి ఆంగ్ల కుటుంబములను కాపాడినారు. సెప్టెంబరులో ఢిల్లీని ఆంగ్లసేనలు తిరిగి పట్టుకొన్నవి. ఆయన మీరట్ మీదుగా ఢిల్లీ చేరునప్పటికి ఇల్లు దోపిడీ యైనది. బంధువులు కొందరు హతులైనారు. తల్లి ఒక గుఱ్ఱపువాని గుడిసెలో దాగియున్నది. కొన్ని దినములుగా గుఱ్ఱముల దాణా తప్ప ఆహారము లేదు, త్రాగుటకు నీరు లేదు. ఆమెను మీరట్‌కు తీసికొనిపోయినారు. ఆ బాధలనుండి ఆమె కోలుకొనలేదు. నవంబరులో అక్కడనే కన్ను మూసినది. కుతుబ్ మీనారు క్రింద నిలిచి మిత్రుని ప్రాణము కొరకు వణకిన సహబాయీని, ఆయన కుమారులతో సహా, ఏ తిరుగుబాటులోను పాల్గొనకున్నను, ఆంగ్లసైనికులు కాల్చివేసినారు. ‘ఆయినె అక్బరీ’ రెండవ సంపుటము, ‘ఆసారుస్సనాదీద్’ రెండవ కూర్పు ప్రతులు అనేకము ఆ అల్లరులలో నశించినవి.

మనుష్యుల పిమ్మట కట్టడముల వంతు వచ్చినది. కోట చుట్టు ఫిరంగులకు చూపు అడ్డము లేకుండుటకై కొన్ని వందల గజముల మేర ఇండ్లు, అంగళ్లు, మసీదులు, హవేలీలు కూల్చివేసినారు. కోట లోపల భవనములలో అధికభాగము నేలమట్టమైనవి. మహతాబ్ బాగ్ తోట రూపుమాసినది. వాటి స్థానమున సైనికుల బారకులు వెలసినవి. చాందినీ చౌకులో షాజహాన్ కుమార్తె జహానారా కట్టించిన సరాయి పోయి పురమందిరము లేచినది. జామా మసీదును 1862 వరకు ముస్లిములకు తిరిగి ఇయ్యలేదు. జీనతుల్ మసాజిద్ రొట్టెల కార్ఖానా అయినది.

అన్నిటికంటె విచారకరమైనది అక్బరాబాదీ మసీదు కథ. షాజహాన్ భార్య అక్బరాబాదీ బేగం 1650లో కట్టించిన మసీదది. షా అబ్దుల్ ఖాదిర్ దానియందే ఉండి ఖురానును ఉర్దూలోనికి అనువదించినారు. 1857 తరువాత దానిని పునాదుల వరకు పెరికివేసినారు. మసీదు రూపమేమి, గుమ్మటములెన్ని, ద్వారము ఏ వైపున అని తెలిసికొనగోరువారికి నేడు ప్రధానమైన ఆధారము 1847 నాటి ఆ శిలాముద్రణ చిత్రము, ఆ వర్ణనము. 2012లో మెట్రో రైలు పనుల కొరకు జామా మసీదు సమీపమున త్రవ్వినపుడు పాత గోడలు బయల్పడినవి. అవి అక్బరాబాదీ మసీదువే యని అనేకులు వాదించినారు. వాదమునకు వారు చేతబట్టినది నూట అరువదియైదేండ్ల నాటి ఈ పుస్తకమునే.

ఆ విధ్వంసము తరువాత సర్ సయ్యద్ పాత కట్టడములను గురించి క్రొత్త గ్రంథము వ్రాయలేదు. బర్నీ చరిత్రను 1862లో, ‘తుజుకె జహంగీరీ’ని ఆ వెంటనే పరిష్కరించి ప్రకటించినారు, అంతటితో సరి. ఒక దశలో దేశము విడిచి ఈజిప్టు వెళ్లిపోవలెనని కూడ తలచినారు. ఆ పిమ్మటి చరిత్ర అందరికిని తెలిసినదే. 1864లో గాజీపూర్‌లో సైంటిఫిక్ సొసైటీ, 1869–70లో ఇంగ్లండు యాత్ర, 1875లో అలీగఢ్‌లో పాఠశాల, 1877 జనవరి 8న వైస్రాయ్ లిట్టన్ చేత కళాశాలకు శంకుస్థాపన. ఇవన్నియు పాఠ్యపుస్తకములలో ఉన్నవే కావున మేము విస్తరింపము.

ఒక్క విషయము మాత్రము విస్తరింపదగినది. అలీగఢ్ కట్టడములను సర్ సయ్యద్ గుత్తేదారులకు అప్పగించి ఊరుకొనలేదు. ముసలితనములో ఎండలో నిలిచి ఇటుకలు, సున్నము లెక్క చూచినారు; కమానుల నమూనాలు ఎంచినారు; తరగతి గదులు కట్టుటకు సొమ్ము చాలనపుడు కూడ సభామందిరము గొప్పగా ఉండవలెనని పట్టుబట్టినారు. ఇది వృథా ఖర్చని ఆ రోజులలోనే విమర్శించినవారు కలరు. విమర్శ పూర్తిగా నిరాధారము కాదు. చందా ఇచ్చినవారి పేర్లను రాళ్లపై చెక్కించి గోడలలో పొదిగించినారు; హిందువుల పేర్లు, ముస్లిముల పేర్లు, ఆంగ్లేయుల పేర్లు కలిసియున్నవి. ఒకప్పుడు బుట్టలో వ్రేలాడి సుల్తానుల శాసనములు చదివిన మనిషి, ఈసారి నేలపై నిలిచిన వాని కన్నులకు అందునంత ఎత్తులో సామాన్య దాతల శాసనములు వ్రాయించినాడు.

ఆ చందాలలో మన దక్కను వంతు తక్కువది కాదు. హైదరాబాదు దివాను మొదటి సాలార్ జంగ్ ఆదినుండి కళాశాలకు అండగా నిలిచినారు; నిజాము ప్రభుత్వము నెలనెలా ధనసహాయము చేసినది. 1891లో సర్ సయ్యద్ మిత్రబృందముతో హైదరాబాదు వచ్చినారు. ఆయన అనంతరము కళాశాల భారము వహించిన మొహ్సినుల్ ముల్క్, వికారుల్ ముల్క్ ఇరువురును హైదరాబాదు కొలువులో పనిచేసి పేరు తెచ్చుకొన్నవారే. గ్రంథము ప్రభావము కూడ ఇటు ప్రసరించినది. హైదరాబాదు రాజ్యములో ఉద్యోగము చేసిన బషీరుద్దీన్ అహ్మద్ ‘ఆసారుస్సనాదీద్’ అడుగుజాడలలో ఢిల్లీ కట్టడములపై మూడు సంపుటముల గ్రంథమును 1919లో వెలువరించినారు. బీజాపురము చరిత్రను కూడ వ్రాసినారు. 1914లో ఏర్పడిన హైదరాబాదు పురావస్తుశాఖకు అధిపతియై అజంతా చిత్రములపై మహాగ్రంథము ప్రకటించిన గులామ్ యజ్దానీ ఢిల్లీలో పుట్టినవారు. సయ్యద్ అలీ అస్గర్ బిల్‌గ్రామీ హైదరాబాదు పరిసరముల కట్టడములకు ఉర్దూలో ‘మఆసిరె దక్కన్’, ఆంగ్లములో 1927లో మరియొక గ్రంథము వ్రాసినారు. గోలకొండ సమాధుల శాసనములు తెలిసికొనగోరు విద్యార్థి ఈనాటికిని వాటిని తెరువవలసినదే.

సర్ సయ్యద్ చివరి దినములు సుఖముగా గడవలేదు. 1895లో కళాశాల ధనము లక్ష రూపాయలకు పైగా అపహరింపబడినట్లు బయటపడి ఆయనను క్రుంగదీసినది. ఇంటి కలతలవలన తన ఇల్లు విడిచి, ఒక మిత్రుని ఇంట 1898 మార్చి 27న మరణించినారు. హవేలీలో పుట్టి, ఢిల్లీ ఇండ్లకు చరిత్ర వ్రాసి, వందల విద్యార్థులకు వసతి గృహములు కట్టించిన మనిషికి అంతిమ ఘడియలో స్వంత కప్పు లేకపోయినది. కళాశాల మసీదు ప్రక్కన ఆయనను సమాధి చేసినారు.

గ్రంథము మాత్రము రచయితకంటె మొండిది. 1876లో లక్నోలోని నవల్ కిషోర్ ముద్రణాలయము, 1904లో కాన్పూరులోని మరియొక ముద్రణాలయము దానిని తిరిగి అచ్చొత్తినవి. 1990లో ఢిల్లీ ఉర్దూ అకాడమీ పక్షమున ఖలీఖ్ అంజుమ్ మూడు సంపుటములుగా పరిష్కరించి, రెండు కూర్పులను సరిచూచి, 1854లో తొలగింపబడిన నాలుగవ అధ్యాయమును తిరిగి చేర్చినారు. అక్బరాబాదీ మసీదు బొమ్మ, సహబాయీ పరిచయము రెండును అందు కలవు. సహబాయీ అప్పటికి జీవించియున్నవాడు కావున, అక్కడ ఆయనను గురించిన క్రియలన్నియు వర్తమానకాలములోనే ఉన్నవి.